ఫ్లాపీ ఫార్మాట్ గుర్తింపు: బయోస్ పట్టిక, సెక్టర్ నంబరు, మీడియా బైటు, బూట్ సెక్టర్ – ఏది మేలు?

ఫ్లాపీ చదవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు రెండు సంగతులు తెలియాలి. ఒకటి భౌతిక కొలత: సెక్టర్‌కు (ట్రాక్‌లో ఒక ముక్క) ఎన్ని బైట్లు, ట్రాక్‌కు (డిస్కు మీది ఒక వలయం) ఎన్ని సెక్టర్లు, ఒక వైపా రెండు వైపులా, బిట్లు రాసిన పద్ధతి ఎఫ్‌ఎమ్మా, అంతకంటే దట్టంగా రాసే ఎంఎఫ్‌ఎమ్మా. రెండోది అమరిక: డైరెక్టరీ ఎక్కడ మొదలవుతుంది, బ్లాకు (ఫైలుకు ఒక్కసారి కేటాయించే కనీస చోటు) ఎంత, సిస్టమ్ కోసం ఎన్ని ట్రాకులు వదిలారు. ఏ పద్ధతినైనా ఈ రెంటితోనే తూచాలి.

పాత ఆపరేటింగ్ సిస్టమ్ సీపీ/ఎం 2.2 డిస్కును ఏమీ అడగదు. బయోస్‌లో (ఆ యంత్రం హార్డ్‌వేర్‌కు తగ్గట్టు రాసిన భాగం) ఉన్న డిస్క్ పారామీటర్ బ్లాక్ అనే పట్టిక ఏం చెబితే అదే నిజం. 8 అంగుళాల ఐబీఎం 3740 డిస్కు (77 ట్రాకులు, 26 సెక్టర్లు, 128 బైట్లు) అందరికీ ఉమ్మడిగా ఉన్నంతకాలం ఇది చాలింది. 5.25 అంగుళాలకు వచ్చేసరికి కంపెనీకో ఫార్మాట్ అయింది: ఆస్‌బోర్న్ 1 ఎఫ్‌ఎంలో ట్రాక్‌కు 256 బైట్ల సెక్టర్లు పది పెడితే, కేప్రో 2 ఎంఎఫ్‌ఎంలో 512 బైట్లవి పది పెట్టింది. ఒకదాని డిస్కు ఇంకోదాంట్లో పెడితే రీడ్ ఎర్రర్ వస్తుంది, అంతవరకు నయమే. భౌతిక కొలతలు కలిసి, బ్లాకు సైజు మాత్రం తేడా ఉన్న డిస్కే ప్రమాదం. డీఐఆర్ కొడితే ఫైళ్ల పేర్లు చక్కగా కనిపిస్తాయి, లోపలి సమాచారం మాత్రం వేరే చోటు నుంచి వస్తుంది. దాని మీద ఒక్క ఫైలు రాసినా పాతవి చెడిపోతాయి. డిస్కు మారిందని డైరెక్టరీ చెక్‌సమ్ ద్వారా బీడాస్ (సీపీ/ఎంలో ఫైళ్లు చూసుకునే భాగం) పట్టుకుని రాయడం ఆపేస్తుంది, నిజమే. కానీ అది మార్పును పట్టుకుంటుంది, ఫార్మాట్‌ను కాదు.

ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ అనే హోమ్ కంప్యూటర్ దారి నాకు చాలా ఇష్టం. ప్రతి సెక్టర్ ముందూ ఉండే ఐడీలోని నంబరునే గుర్తుగా వాడుకుంది. నంబర్లు హెక్స్ 41 నుంచి 49 దాకా ఉంటే సిస్టమ్ ఫార్మాట్, రెండు ట్రాకులు వదలాలి. సీ1 నుంచి సీ9 అయితే డేటా ఫార్మాట్, ఏమీ వదలక్కర్లేదు. 01 నుంచి 08 అయితే ఐబీఎం ఫార్మాట్. ఐడీ చదవడానికి 300 ఆర్‌పీఎం డ్రైవులో ఒక చుట్టు, అంటే 200 మిల్లీసెకన్లు చాలు. డిస్కులో డేటా లేకపోయినా గుర్తు ఉంటుంది, ఫైళ్లు రాస్తే చెరిగిపోదు. లోపమల్లా, ఫర్మ్‌వేర్‌కు ముందే తెలిసిన ఫార్మాట్లకే ఇది పనికొస్తుంది.

ఎంఎస్-డాస్ మీడియా బైటు ఫ్యాట్‌లో (ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక) మొట్టమొదటి బైటు. మామూలు పీసీ ఫార్మాట్లలో ఫ్యాట్ మొదటి ట్రాక్ రెండో సెక్టర్‌లోనే మొదలవుతుంది కాబట్టి ఫార్మాట్ తెలియకముందే దాన్ని చదవొచ్చు. ఎఫ్ఈ అంటే 160కే, ఎఫ్ఎఫ్ 320కే, ఎఫ్‌సీ 180కే, ఎఫ్‌డీ 360కే. తప్పు చదివితే ఏమవుతుందో చూడండి: 320కే డిస్కులో ఫ్యాట్ ఒక్కో సెక్టరే, డైరెక్టరీ 3వ సెక్టర్‌లో (డిస్కులో మొట్టమొదటిదైన బూట్ సెక్టర్ 0గా). 360కేలో ఫ్యాట్ రెండేసి సెక్టర్లు, డైరెక్టరీ 5లో. 360కేని 320కే అనుకుంటే ఫ్యాట్ రెండో ప్రతినే డైరెక్టరీగా చదువుతుంది. పైగా కోడ్‌లను పంచేశారు. ఎఫ్9 అంటే 1.2 ఎంబీ కావచ్చు, 3.5 అంగుళాల 720కే కావచ్చు. నాలుగింటిలో ఇదే బలహీనం.

డాస్ 2.0తో బూట్ సెక్టర్‌లో బీపీబీ (బయోస్ పారామీటర్ బ్లాక్, అంటే డిస్కు కొలతల పట్టిక) వచ్చింది. ఆఫ్‌సెట్ హెక్స్ 0బీ దగ్గర మొదలై సెక్టర్ సైజు, క్లస్టర్ (డాస్‌లో బ్లాకు) సైజు, ఫ్యాట్‌ల సంఖ్య, రూట్ ఎంట్రీలు, మొత్తం సెక్టర్లు వరసగా ఉంటాయి. రెండు ప్రశ్నలకూ డిస్కే జవాబిస్తుంది, కొత్త ఫార్మాట్ వచ్చినా కోడ్ మార్చక్కర్లేదు. అందుకే నా ఓటు దీనికి, అయితే ఐడీతో సరిచూశాకే. డాస్ 1.x డిస్కుల్లో బీపీబీ లేదు, ఆ చోటున ఉన్నవాటిని కొలతలనుకుంటే పిచ్చి అంకెలు వస్తాయి. ఆమ్‌స్ట్రాడ్ వారి మరో కంప్యూటర్ పీసీడబ్ల్యూ రెంటినీ కలిపింది: ముందు సెక్టర్ నంబరు చూసి, ఆపైన బూట్ సెక్టర్‌లోని 16 బైట్ల వివరణ చదువుతుంది. మొదటి పది బైట్లూ ఒకటే అయితే 173కే ఫార్మాట్ అనుకుంటుంది.

ఇప్పుడు పాత డిస్కు చేతికొస్తే అదే వరస పాటించండి. 5.25 అంగుళాలదైతే ముందు రైట్-ప్రొటెక్ట్ గాడికి స్టిక్కర్ అంటించండి. 250 కేబీపీఎస్ ఎంఎఫ్‌ఎంలో (1.2 ఎంబీ డ్రైవులో 300) కంట్రోలర్‌కు రీడ్ ఐడీ ఆదేశం ఇవ్వండి, ఐడీ రాకపోతే ఎఫ్‌ఎంలో ప్రయత్నించండి. చాలా పీసీ కంట్రోలర్లు ఎఫ్‌ఎం చదవలేవు, అందువల్ల డిస్కు ఖాళీ అని తేల్చేయొద్దు. 80 ట్రాకుల డ్రైవులో హెడ్‌ను 2వ సిలిండర్‌కు (ట్రాక్ స్థానానికి) జరిపినప్పుడు ఐడీ 1 అంటే అది 40 ట్రాకుల డిస్కు, రెండేసి అడుగులు వేయించాలి. రెండో వైపు ఐడీ దొరికినంత మాత్రాన రెండు వైపుల డిస్కని నమ్మకండి, పాత ఫార్మాట్ మిగులు కావచ్చు. బీపీబీలోని మొత్తం సెక్టర్లు ట్రాకులు, వైపులు, సెక్టర్ల లబ్ధానికి సరిపోవాలి: 360కేకి 720, 320కేకి 640. సరిపోకపోతే మీడియా బైటు చూడండి. లినక్స్‌లో డాస్ 1.x డిస్కులకు డాస్1ఎక్స్‌ఫ్లాపీ అనే మౌంట్ ఆప్షన్ ఉంది.

సీపీ/ఎం డిస్కయితే బ్లాకు సైజును డైరెక్టరీ నుంచే రాబట్టాలి. 32 బైట్ల ఎంట్రీలు వెతకండి, ఈ5తో మొదలైనవి ఖాళీవి. 0 నుంచి లెక్కిస్తే 15వ బైటు 128 బైట్ల రికార్డుల సంఖ్య, తర్వాతి 16 బైట్లు బ్లాకు నంబర్లు. ఒకే ఎక్స్‌టెంట్ (అంటే ఒకే డైరెక్టరీ ఎంట్రీ) ఉన్న చిన్న ఫైలు తీసుకోండి. రికార్డులు 64 అంటే 8కే. ఎనిమిది బ్లాకులు కనిపిస్తే 1కే బ్లాకు, నాలుగైతే 2కే.