గేమ్ ఆర్టిస్ట్ ఉద్యోగానికి బ్లెండర్ ఒక్కటే చాలా?

ఈ 3D సాఫ్ట్‌వేర్ దాదాపు చాలు. ఒక్కచోట మాత్రం బాగా విసిగిస్తుంది, అక్కడికే వస్తున్నా.

ముందు మంచి సంగతి. పైసా అడగదు, ట్రయల్ అయిపోతుందన్న టెన్షన్ ఉండదు. 2002లో జనం చందాలేసుకుని లక్ష యూరోలు పోగుచేసి దీని సోర్స్ కోడ్‌ని విడిపించుకున్నారు, అప్పట్నుంచి ఓపెన్ సోర్సే. పాత మెనూలు చూసి పారిపోయినవాళ్లు 2019లో 2.80 వెర్షన్ వచ్చాక ఎలా మారిందో ఒకసారి తెరిచి చూడండి. మోడలింగ్‌కి వంక పెట్టలేం, షార్ట్‌కట్లు చేతికి అలవాటైతే పెట్టెలు, తుపాకులు, గోడలు చకచకా తయారైపోతాయి.

విసిగించేది బేకింగ్. లక్షల పాలిగాన్లు (మోడల్ ఉపరితలాన్ని కూర్చే చిన్న ముక్కలు) ఉన్న హై పాలీ మోడల్‌లోని గీతల్ని, సొట్టల్ని నార్మల్ మ్యాప్‌గా (ఎత్తుపల్లాలున్నట్టు భ్రమ కలిగించే ఇమేజ్) తక్కువ పాలిగాన్లున్న లో పాలీ మీదికి దించడం గేమ్ ఆర్టిస్ట్‌కి నిత్యం ఉండే పని. బ్లెండర్‌లో దానికోసం రెండర్ ఇంజిన్‌ని (మోడల్‌ని బొమ్మగా తీసే భాగం) సైకిల్స్‌కి మార్చి, లో పాలీ మెటీరియల్‌లో ఇమేజ్ నోడ్ (మ్యాప్ ఏ ఇమేజ్‌లోకి రావాలో చెప్పే డబ్బా) ఒకటి పెట్టి, దాన్ని సెలెక్ట్ చేసి ఉంచి, ముందు హై పాలీని తర్వాత లో పాలీని ఎంచుకోవాలి, ఇందులో ఒక్క మెట్టు మర్చిపోయినా ఎర్రర్ వస్తుంది లేదా పనికిరాని మ్యాప్ వస్తుంది. అందుకే చాలామంది ఈ పనిని వేరే సాఫ్ట్‌వేర్‌కి, అంటే సబ్‌స్టెన్స్ పెయింటర్‌కో మార్మోసెట్ టూల్‌బ్యాగ్‌కో అప్పగిస్తారు, అవేమో ఊరికే రావు.

మోడల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసేముందు స్కేల్ అప్లై చెయ్యండి (అంటే మార్చిన సైజునే అసలు సైజుగా ఖాయం చెయ్యడం). అన్‌రియల్ అనే గేమ్ ఇంజిన్‌కి పంపేటప్పుడు నార్మల్ మ్యాప్‌లో గ్రీన్ ఛానల్ (ఆకుపచ్చ రంగు పొర) తిరగెయ్యాలి, లేదంటే గుంటలు గడ్డల్లా కనిపిస్తాయి (ఇది బ్లెండర్ తప్పు కాదులెండి, ఎవరి పద్ధతి వాళ్లది).

ఇక ఉద్యోగం సంగతి. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లు అందమైన రెండర్‌తో ఆగరు, వైర్‌ఫ్రేమ్ (పాలిగాన్ల గీతలు కనిపించే బొమ్మ) అడుగుతారు, యూవీలు (మోడల్ ఉపరితలాన్ని విప్పి చదును చేసిన ముక్కలు) ఎలా పరిచారో చూస్తారు, మామూలు చెక్కపెట్టెకి ఇన్ని పాలిగాన్లు ఎందుకయ్యా అంటారు. ప్రాప్‌లు (పెట్టెల్లాంటి వస్తువులు), ఎన్విరాన్‌మెంట్ (ఆటలోని పరిసరాలు) చేసేవాళ్లు వీటన్నిటికీ బ్లెండర్‌తోనే సమాధానం చెప్పుకోవచ్చు. రిగ్గింగ్ (మోడల్ కదలడానికి లోపల ఎముకల్లాంటివి అమర్చడం), యానిమేషన్ వైపు వెళ్లేవాళ్ల పరిస్థితి వేరు, పెద్ద స్టూడియోల్లో ఆ పని ఎక్కువగా మాయా అనే సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తుంది. అటు ఆసక్తి ఉంటే చదువుకుంటున్నప్పుడే మాయా కూడా పట్టండి, దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ విద్యార్థులకి ఉచితంగానే ఇస్తుంది.