మూడు ఊళ్ల మహానాడు: బస ఎక్కడ, బండి ఎటు

మే 27, 28 అంటే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండల్లో మండల స్థాయి కార్యకర్తను ఊరి నుంచి కదిలించే శక్తి తెలుగుదేశం పార్టీ వార్షిక సభ మహానాడుకు ఉంది. కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమంది బహిరంగ సభ చూసి తిరిగిపోతారు. పార్టీ నడక తెలిసేది ప్రతినిధుల సభలో. నివేదికలు, జమాఖర్చులు, తీర్మానాలు పెట్టడం, బలపరచడం, చర్చ అన్నీ అక్కడే. 2025లో కడపలో లోకేశ్ ఆరు శాసనాలు ప్రకటించిందీ ఆ వేదిక మీదే. వాటిలో 'కార్యకర్తే అధినేత' ఒకటి. ఆ మాట కార్యకర్తే స్వయంగా వినాలంటే పొద్దున్నే కుర్చీలో ఉండాలి. అది బస కుదిరినదాన్ని బట్టే ఉంటుంది.

ఇటీవల మహానాడు జరిగిన ఊళ్లలో రాజమహేంద్రవరం, ఒంగోలు, కడప మూడింటిని చూస్తే, బస విషయంలో రాజమహేంద్రవరానికే నా ఓటు. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి వేమగిరి దగ్గర సభ జరిగింది. ఊళ్లో లాడ్జీలకు కొదవ లేదు. మెయిన్ లైన్ రైళ్లున్నాయి, మధురపూడిలో విమానాశ్రయం ఉంది. గుంటూరు, కృష్ణా వైపు వాళ్లు కూడా గోదావరి మీది జొన్నాడ వంతెనకు అవతల రావులపాలెంలోనో తణుకులోనో కాకుండా ఊళ్లోనే దిగడం మేలు. సభ ముగిశాక బళ్లన్నీ ఆ వంతెన మీదికే చేరతాయి. రాత్రి వంతెన మొదట్లో ఇరుక్కోవడం కన్నా పొద్దున బయల్దేరడం నయం. 2023 సభ రెండో రోజు గాలివాన ఏర్పాట్లను చెదరగొట్టింది. మే చివర ఈదురుగాలులు మామూలే కాబట్టి గొడుగు ఎండకే అనుకోకూడదు.

2022లో ఒంగోలు సభ మండవవారిపాలెంలో, జాతీయ రహదారి 16 దగ్గర పెట్టారు. చేరుకోవడం తేలిక, బయటపడటమే కష్టం. దూరప్రయాణ లారీలు, సభ బస్సులు ఒకే రోడ్డు మీద పడితే కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి. అలాంటి చోటికి రైలే సరైన దారి. గదులు దొరక్కపోతే చీరాలలో చూసుకోవచ్చు. అక్కడి నుంచి రైళ్లు దండిగా ఉన్నాయి.

కడపలో ఇబ్బంది గదులతోనే. 2025లో ఊరి శివార్లలో స్థలం విశాలంగా దొరికింది గానీ, ఆర్టీసీ బస్టాండు, ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల లాడ్జీలు అంత జనానికి చాలవు. ప్రొద్దుటూరు, రాయచోటి రెండూ యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అక్కడా ముందే మాట్లాడుకోవాలి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చేవాళ్లకు విజయవాడ, తిరుపతి మీదుగా తిరుమల ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ పనికొస్తాయి. తిరుపతిలో గది దొరుకుతుందని అక్కడ దిగితే రోజూ రానూపోనూ దాదాపు 280 కిలోమీటర్లు. ఒక్క రోజుకైతే పర్వాలేదు, కడపలోలా సభ మూడు రోజులైతే మనిషి తట్టుకోలేడు. ఖాళీ పూట దొరికితే దేవుని కడప, పెద్ద దర్గా ఊళ్లోనే ఉన్నాయి. ఒంటిమిట్ట తిరుపతి దారిలోనే తగులుతుంది. కారం దోశ తినకుండా కడప వదలకండి.

నియోజకవర్గం మొత్తానికి కల్యాణ మండపం మాట్లాడే నాయకులు ఇది గట్టిగా పట్టించుకోవాలి. మే పెళ్లిళ్ల కాలం. అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకోకపోతే మండపం పెళ్లివారికి వెళ్లిపోతుంది. హాలు ఎంత పెద్దదన్నది తర్వాత, ముందు మరుగుదొడ్లు లెక్కపెట్టాలి. వందమందికి ఎనిమిదైనా లేకపోతే తొమ్మిదింటికి బస్సు కదలదు. బోరుందా, జనరేటర్ ఫ్యాన్లకు కూడా ఇస్తారా, దీపాలకేనా, ఆడవాళ్లకు గడియ ఉన్న వేరే గది ఉందా, ఇవన్నీ ఒక మనిషి స్వయంగా వెళ్లి చూసి రావాలి. మహిళా కార్యకర్తలు ఒక్కరోజుకే వచ్చి వెళ్లిపోతున్నారంటే చాలాసార్లు కారణం ఆ గడియ లేకపోవడమే. దీన్ని చిన్న విషయంగా తీసిపారేసే నాయకుడు తన సగం బలాన్ని ఇంటి దగ్గరే వదిలేసినట్టు.

నీళ్ల లెక్క కూడా ముందే వేసుకోవాలి. బస్సులో యాభైమంది, మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పది. సభలో ఇచ్చే ప్యాకెట్ల మీద ఆధారపడొద్దు, ఎండ ముదిరేసరికి పంచేవాళ్లు వెనక వరుసల దాకా రాలేరు. దారి భోజనానికి పెరుగన్నం వద్దు, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పులిహోర కట్టించండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బీపీ, షుగర్ మాత్రలు బస్సులో కాదు, మనిషి జేబులోనే ఉండాలి. పార్కింగ్ నుంచి వేదిక దాకా నడక తక్కువేం కాదు.

బస్సు అద్దం మీద నియోజకవర్గం పేరు పెద్ద అక్షరాలతో అతికించాలి. ఆగిన వెంటనే పార్కింగ్ బోర్డును అందరూ ఫోన్లో ఫొటో తీసుకోవాలి. జనం నిండాక ఫోన్లు కలవవు, కాబట్టి కలుసుకునే చోటు, వేళ పొద్దునే చెప్పేయాలి. డ్రైవర్‌కు ఒకే మాట: బండి ముఖం రోడ్డువైపు పెట్టి ఆపు. రాత్రి వెనక్కి తీసే జాగా ఉండదు. డ్రైవర్ పగలు నీడలో నాలుగు గంటలైనా పడుకునేలా చూడాలి. సభ ముగిసిన రాత్రి దూరప్రయాణం పెట్టుకోకుండా, మండపం అద్దె ఆ రాత్రికి కూడా కలిపి మాట్లాడి, తెల్లవారి నాలుగింటికి బయల్దేరండి.