పిల్లలకు మెడ పట్టేస్తే కాపడమా, మెడ విరిపించడమా?

నిద్రలేచిన పిల్లవాడు మెడ ఒక పక్కకు వంచి ఏడుస్తుంటే ఇంట్లో రెండు సలహాలు వస్తాయి: కాపడం పెట్టు, లేదా మెడ విరిచేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. నేను కాపడమే అంటాను. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను 10 నిమిషాలు ఉంచితే బిగిసిన కండరం వదులవుతుంది. నొప్పి ఎక్కువైతే కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన పారాసిటమాల్ సిరప్, ఆరు గంటల ఎడంతో. మామూలు పట్టు కొన్ని రోజుల్లో పోతుంది.

మెడ విరిపించడం మాత్రం వద్దు, పెద్దవాళ్లు ఎంత నమ్మకంగా చెప్పినా. పిల్లల మెడ కీళ్లు ఇంకా వదులుగా ఉంటాయి. మెడలో అన్నిటికంటే పైనున్న రెండు ఎముకలు పక్కకు జరిగి ఉంటే, బలవంతంగా తిప్పడం వెన్నుపాముకే ప్రమాదం.

జ్వరం, వాంతులు, మింగలేకపోవడం, కాళ్లూచేతుల్లో బలహీనత ఉన్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ఈ రెండూ కాదు, వెంటనే ఆసుపత్రికే.