ఫ్లానెల్ బోర్డు బైబిలు కథల సెట్టు: బొమ్మలకు నాలుగు నక్షత్రాలు, పుస్తకానికి ఒకటి

విశాఖపట్నం పాతనగరంలో ఒక మిషను ప్రాథమిక పాఠశాలలో రెండు, మూడు తరగతులకు స్క్రిప్చర్ పీరియడు, అంటే బైబిలు పాఠాల పీరియడు, నాది. వారానికి రెండుసార్లు, సారికి ముప్ఫై అయిదు నిమిషాలు. గదికి నలభై మంది. జూన్‌లో బడి తెరిచిన వారమే ఊళ్లోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో ఈ సెట్టు కొన్నాను. 1,650 రూపాయలు, నా సొంత డబ్బు. పన్నెండు కథలకు సరిపడా కత్తిరించిన బొమ్మలు, రెండు నేపథ్యపు గుడ్డలు, ఉపాధ్యాయులకు ఒక గైడు ఉన్నాయి. పన్నెండు కథలూ అయ్యాకే ఇది రాస్తున్నాను.

ఫ్లానెల్ బోర్డు చూడనివాళ్లకు ఒక మాట. చెక్కకు నూగు గుడ్డ బిగిస్తారు. బొమ్మ వెనకా అలాంటి నూగే ఉంటుంది. ఆనిస్తే నూగును నూగు పట్టుకుని బొమ్మ నిలబడుతుంది, లాగితే వచ్చేస్తుంది. పిన్ను, జిగురు, కరెంటు అక్కర్లేదు. మా బడిలో ప్రొజెక్టరూ ఉంది. దాని గది తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునేలోపు పీరియడు అయిపోతుంది.

అయితే ఈ సెట్టు చేసినవాళ్లు సముద్రం పక్కన కాపురం చేసినట్టు లేరు. ఆగస్టు ఉక్కకు బొమ్మల వెనక అంటించిన నూగు పొరలు పొరలుగా లేచిపోయింది. ఫ్యాను వేస్తే మోషే కిందపడతాడు, ఆపితే పిల్లలు గొడవ. చివరికి ఒక రిటైరైన టీచరమ్మ చెప్పిన చిట్కా పని చేసింది. ఉప్పు కాగితం చిన్న ముక్కలుగా కత్తిరించి, గరుకు వైపు బయటికి వచ్చేలా బొమ్మ వెనక అంటించాలి. ఇరవై రూపాయల కాగితంతో సెట్టంతా బాగుపడింది. నేపథ్యపు గుడ్డలు మరీ పలచన కావడంతో పూర్ణా మార్కెట్‌లో మీటరున్నర ఫ్లానెల్ కొని బోర్డుకు బిగించుకున్నాను.

ఇక బొమ్మల సంగతి. అయిదు రొట్టెలు, రెండు చేపలతో యేసు వేలమంది కడుపు నింపిన పాఠం రోజున, తండ్రి హార్బరులో బోటు మీద పనిచేసే ఒక కుర్రాడు లేచి దగ్గరికి వచ్చాడు. చేప బొమ్మను వేలితో తడిమి, "మేడం, ఇది సముద్రం చేప కాదు, చెరువు చేప" అన్నాడు. గైడులో ఏమో గలిలయ సముద్రం అని ఉంది. నిజానికి పిల్లవాడే కరెక్టు. పేరుకే సముద్రం, అది మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 13. తిలాపియా జాతి చేపలు అక్కడ ఇప్పటికీ పడతారు. బొమ్మ గీసినాయన తెలిసి గీశాడో, ఎదురుగా ఉన్నదేదో చూసి గీశాడో కానీ, వీపు మీద ముళ్ల రెక్కతో సహా గీసింది తిలాపియానే. ఆ రోజు రొట్టెలను ఎవరూ పట్టించుకోలేదు. క్లాసంతా చేపల మీదే నడిచింది, నాకు అభ్యంతరం లేదు. ఒక్క వంక మాత్రం పెడతాను. యోహాను సువార్తలో అవి చిన్న చేపలు. ఈ సెట్టులో ఒక్కొక్కటి కుర్రవాడి మోచేయంత ఉంది. అంతేసి చేపలుంటే అద్భుతంలో సగం పని అవే చేసేస్తాయి.

మంచి సమరయుడి కథలో దొంగలు కొట్టి పడేసిన బాటసారిని యాజకుడు చూసీ దాటిపోతాడు. యూదులకు పరాయివాడైన సమరయుడు మాత్రం అతణ్ణి సత్రానికి చేర్చి, పూటకూళ్లవాడికి రెండు దేనారాల నాణేలు ఇస్తాడు. నా పెట్టెలో ఆ పూటకూళ్లవాడి బొమ్మే రాలేదు. దుకాణానికి ఫోను చేస్తే, "కంపెనీ సీలుతో వస్తుందండీ, మా చేతుల్లో ఏమీ లేదు" అన్నారు. చేసేది లేక క్రిస్మస్ కథలోని గొల్లవాణ్ణి తెచ్చి సత్రం ముందు నిలబెట్టాను. మొదటి బెంచీ పిల్ల వెంటనే, "ఈయన గొర్రెలు ఎవరికి అప్పజెప్పి వచ్చాడు మేడం?" అంది.

ఈ కథకు గైడు నుంచి వచ్చిన సాయం సున్నా. యెరూషలేము నుంచి యెరికోకు "ప్రయాణం చేస్తున్న ఒక వ్యక్తి" అని రాసి వదిలేశారు. ఆ దారి ముప్ఫై కిలోమీటర్లు కూడా ఉండదు, ఆ కాస్త దూరంలోనే వెయ్యి మీటర్లు దిగిపోతుంది. అరకు నుంచి అనంతగిరి ఘాటు దిగడం ఊహించుకోమన్నాను. మలుపులు, బండలు, దొంగలు దాక్కునే చోట్లు పిల్లలే చెప్పారు. రెండు దేనారాలంటే రెండు రోజుల కూలి అన్నాక, సమరయుడి జేబుకు ఎంత చిల్లు పడిందో వాళ్లే లెక్కగట్టారు. "పొరుగువాడంటే పక్క ఫ్లాటు వాళ్లేనా?" అని ఒకడు అడిగాడు. కథ మొదలైందే ఆ ప్రశ్నతో కాబట్టి, జవాబు నేను చెప్పకుండా బొమ్మలన్నీ వాడి చేతికిచ్చి మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాను. వాడు యాజకుణ్ణి బోర్డు అంచు దాటించి కింద పడేశాడు.

గైడులోని తెలుగు గురించి ఎంత తక్కువ చెబితే అంత మేలు. మంచు మనిషిని చేసే ఆట ఒకటి, చెర్రీ పండ్ల ఉదాహరణ ఒకటి. మా పిల్లలకు తాటిముంజె చెప్పండి, ఈత పండు చెప్పండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు ఇదే విశాఖకు వచ్చి, తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. ఈ గైడు చేసినవాళ్లకు మాత్రం పక్కన ఒక తెలుగు మనిషిని కూర్చోబెట్టుకోవాలని ఎందుకు తోచలేదో!

అసలు పేచీ ప్రతి పాఠం చివర ఉంది. "యేసును నీ హృదయంలోకి ఆహ్వానించేవారు చేతులెత్తండి" అని చెప్పించాలట. ఆదివారపు బడిలో అయితే వాళ్లిష్టం. నా తరగతిలో సగం మంది హిందువుల, ముస్లింల ఇళ్ల నుంచి వస్తారు. రాజ్యాంగంలోని 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మతబోధలో పిల్లల్ని కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. మేము జూన్‌లోనే సంతకాలు తీసుకుంటాం. వద్దన్నవాళ్ల పిల్లలు ఆ పీరియడులో డ్రాయింగుకు వెళతారు. కథలు వినడానికి సంతకం పెట్టిన తండ్రి, చేతులెత్తించడానికి పెట్టలేదు. పైగా ఏడేళ్ల పిల్లలు దేనికైనా చేతులెత్తుతారు. మంచినీళ్లకు ఎవరు వెళతారన్నా అదే ఉత్సాహం. ఆ పేజీలన్నీ మడిచి పిన్ను కొట్టేశాను.

అయినా వచ్చే ఏడాదికి రెండో పెట్టె కూడా కొంటాను. పిల్లలు తాకి, కదిపి, కింద పడేసి, మళ్లీ అంటించే బొమ్మలు ఈ ధరకు నాకు ఇంకెక్కడా దొరకలేదు. మీరు కొనేటట్టయితే దుకాణంలోనే సంచి విప్పించి, గైడు వెనకున్న బొమ్మల పట్టికతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. పూటకూళ్లవాడికి నీలం తలపాగా ఉంటుంది.