వాల్యూమ్ తగ్గించాక కూడా నిలబడినవి: 2024 ఎక్స్‌ట్రీమ్ మెటల్ ఆల్బమ్‌లు, ఏడాదికి పైగా విన్న తర్వాత

2024లో విడుదలైన ఎక్స్‌ట్రీమ్ మెటల్ (రాక్ సంగీతంలో అత్యంత ఉధృతమైన, కర్కశమైన శాఖ) ఆల్బమ్‌లలో నాకు నచ్చినవాటి గురించి ఆ ఏడాది చివరిలోనే రాయవలసింది. రాయకపోవడమే మంచిదైంది, ఎందుకంటే అప్పుడు రాసి ఉంటే ఈ వరుస చాలా వేరుగా ఉండేది. ఆ డిసెంబరులో, ఏడాది పొడుగునా వచ్చినవాటిని మళ్లీ మొదటినుంచి వింటూ, రోజుకు నాలుగైదు గంటలు హెడ్‌ఫోన్స్ తీయకుండా, పూర్తి వాల్యూమ్‌కు కాస్త తక్కువలో గడిపాను. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టిన తర్వాత కూడా రెండు చెవుల్లో సన్నని ఈల మోగుతూనే ఉంది. అది మూడో రోజుకు గాని తగ్గలేదు. పరీక్షలో వినికిడి లోపమేమీ బయటపడలేదు గాని, వైద్యులు చెప్పిన జాగ్రత్త ప్రకారం అప్పటినుంచి పక్క గదిలోంచి ఎవరైనా పిలిస్తే వినిపించేంత వాల్యూమ్‌లోనే వింటున్నాను. ఈ సంగీతాన్ని అలా వినడమంటే దాని ప్రాణం తీయడమేనని మొదట్లో దిగులుపడ్డాను. కొన్ని ఆల్బమ్‌ల విషయంలో ఆ దిగులు నిజమైంది. కొన్నిటిని మాత్రం నేను అసలు వినడం అప్పుడే మొదలైంది.

ఇందులో చెవి పనిచేసే తీరుకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి అన్ని స్వరాలూ ఒకే పాళ్లలో తగ్గవు. మంద్రస్వరాలు ముందుగా, ఎక్కువగా జారిపోతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఎక్స్‌ట్రీమ్ మెటల్‌లో ఒక ముఖ్య శాఖ అయిన డెత్ మెటల్ బరువంతా ఆ మంద్రంలోనే ఉంటుంది: శ్రుతి కిందికి దించిన గిటార్లు, బేస్, రెండు కాళ్లతో వాయించే డబుల్ బాస్ డ్రమ్ము. వాల్యూమ్ తగ్గించగానే ఛాతీకి తగిలే ఆ దెబ్బ పోతుంది. ఇక మిగిలేది రిఫ్‌ల (పదే పదే తిరిగివచ్చే గిటార్ వరుసల) కట్టుబడి, వాద్యాలు ఒకదానికొకటి దారి ఇచ్చుకునే పద్ధతి, పాట నడక. దెబ్బ తప్ప మరేమీ లేని పాట ఆ స్థితిలో వట్టి గొణుగుడుగా మిగులుతుంది.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు చెందిన అల్సరేట్ బృందం జూన్ 2024లో డెబెమూర్ మోర్తి సంస్థ ద్వారా తెచ్చిన 'కటింగ్ ద థ్రోట్ ఆఫ్ గాడ్' నా డిసెంబరు జాబితాలో ఐదో స్థానంలో ఉండేది. ఇప్పుడు అది మొదటిది, రెండో దానికి అందనంత ముందున్నది. ఏడు పాటలు, దాదాపు గంట నిడివి, వాయించినవారు ముగ్గురే: గిటార్ మైకేల్ హాగర్డ్, బేస్ మరియు గాత్రం పాల్ కెలండ్, డ్రమ్స్ జేమీ సెయింట్ మెరాట్. పెద్ద వాల్యూమ్‌లో ఇది నాకు ఎదురుగా నిలిచిన గోడలా అనిపించేది. గౌరవం కలిగేది గాని లోపలికి వెళ్లే దారి దొరికేది కాదు. వాల్యూమ్ తగ్గించిన వారం రోజులకు ఆ దారి డ్రమ్స్‌లో దొరికింది. ఈ బృందంలో వేగం దాదాపు అంతా డ్రమ్స్‌దే. హాగర్డ్ గిటార్ చాలా చోట్ల నింపాదిగా, అపస్వరాల అంచున ఉన్న తీగలను మోగనిచ్చి, ఆ మోత ఆరిపోయేదాకా ఆగి, తర్వాతి స్వరానికి వెళుతుంది. దాని కింద సెయింట్ మెరాట్ చేతులు క్షణం నిలవవు. మనసు ఏదో ఒకదాన్నే పట్టుకుంటే రెండోది గందరగోళంగా వినిపిస్తుంది. నెమ్మదిగా కదిలే గిటార్‌ను పాటగా, దాని చుట్టూ తిరిగే డ్రమ్స్‌ను వాతావరణంగా వినడం అలవాటైన తర్వాత, ఇంత విషాదంగా, ఇంత స్పష్టంగా రాగం ఉన్న రికార్డును ఇన్నాళ్లు గోడ అనుకున్నానా అని ఆశ్చర్యపోయాను. మొదటి పాట 'టు ఫ్లో త్రూ ఆషెన్ హార్ట్స్' ఆరంభంలోని మెత్తని గిటార్ స్వరాలను నేను అంతకు ముందు తుఫానుకు ముందుమాటగా మాత్రమే విన్నాను. అవి ముందుమాట కావు. పాట ఎంత ఉధృతమైనా ఆ స్వరాల నీడ వదలదు.

మిక్సింగ్ (ఏ వాద్యం ఎంత వినిపించాలో సరిచూసి కలిపే పని) చేసినదీ, ముఖచిత్రం రూపొందించినదీ డ్రమ్మరే కావడం ఇక్కడ చెప్పుకోదగిన విషయం. తన వాద్యాన్ని అందరికంటే ముందు నిలబెట్టుకునే అవకాశం ఉండి కూడా ఆయన దాన్ని గిటార్ వెనకాల, లోతులో ఉంచాడు. 2020 నాటి 'స్టేర్ ఇన్‌టు డెత్ అండ్ బీ స్టిల్' ఆల్బమ్‌లో రాగం వైపు మొదలైన మొగ్గు ఇందులో పూర్తయిందని నా అభిప్రాయం. లోపం లేకపోలేదు. కెలండ్ గొంతు గంటసేపూ ఒకే రంగులో ఉంటుంది, మధ్యలో వాద్యాలు ఎంత మారినా అది మారదు. అందువల్ల ఐదో పాట తర్వాత ఆపి, మిగతా రెండూ మర్నాడు వినడం నాకు అలవాటైంది. ఆ రెండిటికీ తాజా చెవులు కావాలి.

డిసెంబరులో మొదటి స్థానంలో నిలిచినది అమెరికాలోని డెన్వర్ బృందం బ్లడ్ ఇన్‌కాంటేషన్ అక్టోబరు 4న విడుదల చేసిన 'అబ్సల్యూట్ ఎల్స్‌వేర్'. పాటలు రెండే, 'ద స్టార్‌గేట్', 'ద మెసేజ్'. ఒక్కొక్కటీ మూడు భాగాలుగా విడిపోతుంది, ఆ భాగాలను బృందం టాబ్లెట్లు అంటుంది. మొత్తం ముప్పావుగంట లోపే. బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో, ఆర్థర్ రిజ్క్ పర్యవేక్షణలో రికార్డు చేశారు. 1977లో డేవిడ్ బోవీ 'హీరోస్' రికార్డు చేసిన స్టూడియో అదే. టాంజరిన్ డ్రీమ్ బృందానికి చెందిన థోర్‌స్టెన్ క్వెష్నింగ్ 'ద స్టార్‌గేట్' రెండో టాబ్లెట్‌లో సింథసైజర్ వాయించాడు. అంతకు రెండేళ్ల ముందు ఇదే బృందం 'టైమ్‌వేవ్ జీరో' పేరుతో డెత్ మెటల్ ఛాయే లేని యాంబియంట్ (నెమ్మదిగా పరుచుకునే వాతావరణ సంగీతం) రికార్డు తెచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఆ సాధన దేనికోసమో ఈ టాబ్లెట్ వింటే తెలుస్తుంది.

ఇది ఎందుకు రెండో స్థానానికి దిగిందో నిజాయితీగా చెప్పాలి. మొదటిసారి విన్నప్పుడు ఇందులోని ప్రతి మలుపూ ఉలికిపాటే. ఉధృతంగా మొదలైన పాట రెండు నిమిషాలు తిరగకముందే ప్రతిధ్వనులు తేలే విశాలమైన లయలోకి జారితే ఒళ్లు జలదరించింది. నలభయ్యోసారికి ఆ ఉలికిపాటు ఉండదు కాబట్టి అతుకులు కనిపిస్తాయి. కొన్ని అతుకులు చక్కగా కలిసిపోయాయి, 'ద మెసేజ్' రెండో టాబ్లెట్‌లో గ్రోల్ (గర్జనలాంటి గాత్రం) లేకుండా మామూలు గొంతుతో పాడిన భాగం ముందు వెనకల నుంచి సహజంగా పుట్టినట్టే ఉంటుంది. కొన్ని చోట్ల మాత్రం ఒక పాటను కోసి మరో పాటను పక్కన పెట్టినట్టుంది. అయినా తక్కువ వాల్యూమ్‌లో ఈ రికార్డు నాకు కొత్తగా ఇచ్చినది ఒకటుంది: జెఫ్ బారెట్ వాయించిన ఫ్రెట్‌లెస్ (మెట్లు లేని) బేస్. స్వరం నుంచి స్వరానికి జారే ఆ బేస్ నాదం గిటార్ల గర్జన తగ్గిన చోట పైకి తేలి, మనిషి గొంతులా వినిపిస్తుంది. పెద్ద వాల్యూమ్‌లో నేను దాన్ని గమనించనే లేదు.

నెయిల్స్ బృందం 'ఎవ్రీ బ్రిడ్జ్ బర్నింగ్' వీటికి పూర్తిగా ఎదురుదిక్కు. 2016 తర్వాత ఎనిమిదేళ్లకు వచ్చిన ఈ ఆల్బమ్‌లో పది పాటలు కలిపి 18 నిమిషాలు. విరామం లేదు, మెత్తని భాగం లేదు, అయినా వాల్యూమ్ తగ్గిస్తే ఏమీ పోలేదు. కారణం గిటార్ ధ్వని. స్టాక్‌హోమ్ డెత్ మెటల్ బృందాలు 90ల మొదట్లో పేరుతెచ్చిన బాస్ కంపెనీ హెచ్ఎమ్-2 పెడల్ (గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే పరికరం) తరహా రంపపు కోత అది. ఆ కోత పదును మంద్రంలో కాక చెవి బాగా పట్టుకునే మధ్యస్వరాల్లో ఉంటుంది కాబట్టి నెమ్మదిగా విన్నా కోస్తూనే ఉంటుంది. పైగా చెవి అలసేలోపే ఆల్బమ్ అయిపోతుంది.

స్వీడన్ బృందం ఓపెత్ నవంబరు 22న తెచ్చిన 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' ఎక్స్‌ట్రీమ్ మెటల్ కిందికి రాదని వాదించేవారు ఉన్నారు. 2008 నాటి 'వాటర్‌షెడ్' తర్వాత స్టూడియో ఆల్బమ్‌లో మికాయెల్ ఆకర్‌ఫెల్ట్ గ్రోల్ మళ్లీ వినిపించడం నాకు సరిపోతుంది. గ్రోల్ అంటే గొంతు చించుకోవడం కాదు. స్వరతంత్రుల పైనున్న మడతలను కంపింపజేసే విద్య. సరిగా చేస్తే అక్షరాలు చెదరవు. ఆకర్‌ఫెల్ట్ గ్రోల్‌లో మాట తెలుస్తుంది, ఈ ఆల్బమ్‌కు అదే కావాలి, ఎందుకంటే ఇది ఒక కుటుంబ పెద్ద చనిపోయిన తర్వాత పిల్లల ముందు వీలునామా చదివే కథ. చివరి పాటకు తప్ప దేనికీ పేరు లేదు, దస్తావేజులో ఉన్నట్టు పేరాల సంఖ్యలే. జెత్రో టల్ బృందపు ఇయాన్ ఆండర్సన్ కథనం, వేణువు అందించాడు. నాకున్న అసంతృప్తి ఒక్కటే, ఒక్కో పేరాలో ఆలోచనలు మరీ కిక్కిరిసి, మంచి రిఫ్ ఒకటి కుదురుకునేలోపే ఇంకొకటి దాన్ని తోసేస్తుంది.

పదేళ్ల విరామం తర్వాత జాబ్ ఫర్ ఎ కౌబాయ్ బృందం తెచ్చిన 'మూన్ హీలర్' పనితనానికి వంక పెట్టలేను, కానీ మనసు దానివైపు పోవడం లేదు. కాలిఫోర్నియా బృందం త్సొంపాంట్లి ఆల్బమ్‌లోని ఆదివాసీ డ్రమ్స్ గొప్పవి, తక్కువ వాల్యూమ్‌లో అవే ముందు నష్టపోతాయి.

తక్కువ వాల్యూమ్ అనే నా నియమానికి అసలు లొంగనిది స్పెక్ట్రల్ వాయిస్ బృందం ఫిబ్రవరిలో విడుదల చేసిన 'స్పరాగ్మోస్'. బ్లడ్ ఇన్‌కాంటేషన్‌లోని ముగ్గురు ఇందులో ఉన్నారు. డ్రమ్స్ వాయిస్తూ గ్రోల్ చేసేది ఎలై వెండ్లర్. ద్రాక్షసారాయి దేవుడు డయోనిసస్ ఆరాధనలో బలిని చేతులతో చీల్చే క్రతువుకు గ్రీకులు పెట్టిన పేరే 'స్పరాగ్మోస్'. నాలుగే పాటలు, నింపాదిగా, గుహలోంచి వచ్చినట్టు. వాల్యూమ్ తగ్గిస్తే గుహ మాయమై దూరపు హోరు మిగులుతుంది. దాన్ని ఆల్బమ్ తప్పుగా నేను లెక్కించను, అది గది నిండా గాలి కదలాలని కోరే సంగీతం. అందుకే నెలకు ఒకసారి, హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టి, స్పీకర్ల మీద, వాటికి బాగా దూరంగా కూర్చుని, వాల్యూమ్ పెంచి మొదటి పాట 'బి కడావర్' ఒక్కటే వింటాను. పది నిమిషాలు దాటిన ఆ పాట ముగిశాక ఆపేసి, చెవుల్లో ఈల లేదని నిర్ధారించుకుని, మిగతా మూడు పాటలను వచ్చే నెలలకు ఉంచుకుంటాను.