గొర్రె పాలిపోతే ముందు ఏది మేలు: నట్టల మందా, నెత్తుటి పరీక్షా?

వానలు మొదలైన నెల రోజులకు మందలో ఒకటో రెండో వెనకబడతాయి. కింది రెప్ప విప్పి చూస్తే ఎర్రగా ఉండాల్సిన పొర సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. మా వర్ధన్నపేట వైపు అప్పుడు అందరి చేయీ నట్టల మందు సీసా మీదికే పోతుంది.

అందులో తప్పు లేదు. గొర్రె నాలుగో పొట్టను పట్టుకుని బతికే హీమాంకస్ నట్ట ఒక్కోటి రోజుకు 0.05 మిల్లీలీటర్ల దాకా నెత్తురు తాగుతుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టే. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతూ, జ్వరం లేకుండా, నాలుగైదు జీవాలు ఒకేసారి పాలిపోతే పరీక్ష కోసం ఆగకుండా ఆ రోజే మందు తాగించాలి. చూడి తొలి నెలలో ఉన్నవాటికి మాత్రం ఆల్బెండజోల్ వద్దు.

అయితే రెప్ప రంగు నెత్తురు తగ్గిందనే చెబుతుంది, తాగిందెవరో చెప్పదు. రెప్ప రంగుతో పోల్చి చూసేందుకు దక్షిణాఫ్రికాలో పుట్టిన ఫమాచా కార్డులోని అయిదు రంగులూ హీమాంకస్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవే.

నిరుడు మా చిన్నాయన ఒక గొర్రెకు పది రోజుల్లో రెండుసార్లు నట్టల మందు పోశాడు. లేవలేదు. తోక ఎత్తి చూస్తే ఆముదపు గింజల్లా ఉబ్బిన పిడుదులు! థర్మామీటరు పెడితే 106 డిగ్రీలు (మామూలుగా 102 నుంచి 104 లోపు ఉంటుంది). చెవి కొనను సూదితో గుచ్చితే వచ్చిన చుక్క పలచగా, నీళ్లు కలిపినట్టుంది. దాన్ని గాజుపలక మీద పూసి రంగు వేసి చూసిన డాక్టరు గారు ఎర్రకణాల అంచుల్లో చుక్కలు చూపించారు. అనాప్లాస్మా, అంటే పిడుదులు అంటించే నెత్తుటి సూక్ష్మజీవి. మాకు మామునూరు పశువైద్య కళాశాల దగ్గర కావడం ఇలాంటప్పుడు కలిసొస్తుంది.

ఈ పరీక్షకు విలువ ఎక్కడంటే, పిడుదులు అంటించే ఒక్కో సూక్ష్మజీవికీ మందు వేరు. అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్, బబీసియాకు డైమినజీన్, థైలేరియాకు బుపర్వాక్వోన్. బబీసియా ఎర్రకణాలను నెత్తుటిలోనే పగలగొడుతుంది కాబట్టి మూత్రం ఎర్రబడవచ్చు. అనాప్లాస్మా పట్టిన కణాలను ప్లీహమే ఏరేస్తుంది, అందుకే కళ్లు పచ్చబడినా మూత్రం ఎర్రగా రాదు. భుజం ముందు బిళ్ల ఉబ్బితే థైలేరియాను అనుమానించాలి. ఇంత తేడాను సీసా ఎలా పట్టుకుంటుంది?

పరీక్షకూ లోపాలున్నాయి. జబ్బు నయమైన గొర్రెలోనూ అనాప్లాస్మా ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. సూక్ష్మజీవులు తక్కువుంటే పలక మీద కనబడకపోవచ్చు. అందుకే అదే ప్రయాణంలో నట్టల గుడ్లు చూపించడానికి గుప్పెడు పెంటికలు కూడా పట్టుకెళ్లమంటాను. నట్టలూ, నెత్తుటి సూక్ష్మజీవీ రెండూ కలిసి ఉన్న గొర్రెలు ఉంటాయి.

‘ఒక్క ఐవర్‌మెక్టిన్ సూదితో రెండూ పోవా?’ అని అడిగేవారున్నారు. అది నట్టల మీద పనిచేస్తుంది, అవీ దానికి అలవాటు పడనంత వరకే. నెత్తుటిలోని సూక్ష్మజీవిని ముట్టుకోదు.

నా ఓటు మొదట థర్మామీటరుకు. జ్వరం ఉన్నా, పిడుదులు కనిపించినా, నట్టల మందు పోసిన వారానికీ రెప్ప ఎర్రబడకపోయినా నెత్తుటి పరీక్షే మేలు. అదీ యాంటీబయాటిక్ సూది పడకముందే చేయించాలి, తర్వాత తీసిన చుక్కలో ఏమీ దొరకకపోవచ్చు. చిన్నాయన గొర్రె రెప్పకు రంగు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆలోపు ఆయన పిడుదులు దాక్కునే దొడ్డి గోడ పగుళ్లన్నీ పూడ్చి, పిడుదుల మందు కొట్టించాడు.