ఏటూరునాగారం దారిలో ఒక పల్లె దవాఖాన: ఏడాది అనుభవం

హనుమకొండలో మా ఇంటి నుంచి పట్టణ ఆరోగ్య కేంద్రానికి పది నిమిషాల నడక, వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు ఆటోలో పావుగంట. మా చిన్నాయన ఉండేది ములుగు జిల్లాలో, ఏటూరునాగారం రోడ్డు దిగి లోపలికి పోవలసిన ఊరు. ఆయనకు ఎంజీఎం అంటే రెండు బస్సులు, ఒక రోజు కూలి. ఏడాదిగా ఆయన బీపీకి, షుగరుకు మందులు తెచ్చుకుంటున్న పల్లె దవాఖానకు (ఊళ్ళలోని ఆరోగ్య ఉపకేంద్రానికి ఇప్పుడు పెట్టిన పేరు) నేను నాలుగుసార్లు వెంట వెళ్ళాను. ఆ వైపు తమవాళ్ళు ఉన్న పాఠకుల కోసం నేను చూసింది రాస్తున్నాను.

ముందుగా మంచి చెప్పాలి. 30 ఏళ్ళు దాటినవారందరికీ బీపీ, షుగరు చూడటం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల లక్షణాలను ముందే గుర్తించడం ఈ కేంద్రాలకు అప్పగించిన పని. నర్సమ్మ చేతికి పట్టీ చుట్టే ముందు చిన్నాయనను అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టింది, వీపు కుర్చీకి ఆనించమన్నది, చేయి బల్లమీద పెట్టించింది, బీపీ ఎక్కువ చూపినందుకు కాసేపు ఆగి మళ్ళీ చూసింది. నేను హనుమకొండలో డబ్బు కట్టి చూపించుకునే చోట ఇంత ఓపిక ఎన్నడూ చూడలేదు. రక్త నమూనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చాము. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద అది జిల్లా కేంద్రానికి వెళ్ళి, ఫలితం ఫోనుకు వచ్చింది. పైసా ఖర్చు కాలేదు.

అయితే ఆ ఫలితం ఇంగ్లీషులో ఉన్నది, చిన్నాయనది బటన్ల ఫోను, ఊళ్ళో సిగ్నలు చెరువు కట్ట మీదనే దొరుకుతుంది. చివరికి ఆశా కార్యకర్త చదివి చెప్పింది: "కాకా, షుగరు దిగలేదు. గోలీలు నడుమ నడుమ ఆపుతున్నవా?" ఆపిన మాట నిజమే. పదిహేను రోజులకు సరిపడా గోలీలు ఇచ్చి మళ్ళీ రమ్మన్నారు. ఆ మళ్ళీ వచ్చే రోజు పత్తి ఏరే రోజుల నడుమ పడింది. దవాఖాన తెరిచేసరికి ఆయన చేనులో ఉంటాడు, ఆయన ఇల్లు చేరేసరికి దవాఖానకు తాళం పడుతుంది.

నా అసలు అభ్యంతరం ఇక్కడే. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. ఏజెన్సీకి ఈ సడలింపు న్యాయమే గాని, ఈ లెక్క తలలను చూస్తుంది తప్ప పోయిన కూలిని చూడదు. టీకాలకు బుధ, శనివారాలు ఉన్నాయి, గర్భిణుల ఇళ్ళకు ఆశా కార్యకర్త తేదీ తప్పకుండా పోతుంది. యాభై దాటిన కూలి మనిషిని వెతుక్కుంటూ పోయే రోజు ఆ ఊళ్ళో నాకు కనిపించలేదు. పల్లెవాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదని పట్నంలో తేలికగా అనేస్తారు. శ్రద్ధ లేనివాడు జ్వరంతో నాలుగు కిలోమీటర్లు నడిచి రాడు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. గుండె ఆపరేషను దాకా వస్తే అది పెద్ద అండ. గుండె అక్కడి దాకా పోకుండా ఆపే రోజువారీ గోలీకి, దాన్ని తెచ్చుకునే ప్రయాణానికి ఆ అండ అందదు. అదే నెలలో ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది కాబట్టి మా చిన్నమ్మ ఛార్జీ లేకుండా ఎంజీఎంకు వచ్చి కళ్ళు చూపించుకున్నది. చిన్నాయన ఛార్జీకి లెక్క చూసుకుని ఆగిపోయాడు.

ఇన్ని లోపాలు ఉన్నా ఈ దవాఖానకు వెళ్ళమనే చెబుతాను, ఎందుకంటే అక్కడి మనుషులు మంచివారు, మందులు అసలువి. వారానికి ఒక్క సాయంత్రమైనా ఏడు గంటల దాకా తెరిచి, పంట రోజుల్లో నెలకు సరిపడా గోలీలు ఒకేసారి ఇస్తే చిన్నాయన లాంటివాళ్ళు మందు మానరు. మూడోసారి వెళ్ళినప్పుడు నెల గోలీలు అడిగితే నర్సమ్మ ఇచ్చింది. కాబట్టి మీరూ నోరు తెరిచి అడగండి. షుగరు పరీక్షకు పరగడుపున వెళ్ళండి, పాత గోలీల పట్టీలు వెంట తీసుకుపోండి, ఫోను నంబరు రాయించేటప్పుడు ఇంగ్లీషు చదవగల ఇంటి మనిషి నంబరు ఇవ్వండి. మా చిన్నాయన కార్డు మీద ఇప్పుడు నా నంబరు ఉన్నది.